పేరు లేని పిలుపు

ఆ రోజు గొడవ చారు గిన్నె దగ్గర మొదలయింది.

సువర్చల మేడ మీద బట్టలు ఆరేస్తోంది. పిట్టగోడ మీంచి వంగి, "ఇదిగో, మిమ్మల్నే! పొయ్యి కట్టెయ్యండి" అని నాలుగుసార్లు కేకేసింది. కింద హాల్లో, పొయ్యికి పదడుగుల దూరంలో, జోగారావు పేపరు చదువుకుంటున్నాడు. ఆమె ఖాళీ బకెట్టుతో దిగి వచ్చేసరికి చారు ఇగిరిపోయి, గిన్నె అడుగున చింతపండు పిప్పి బొగ్గయి, ఇల్లంతా మాడు కంపు. ఆయన మాత్రం తాపీగా పేజీ తిప్పుతున్నాడు.

"ముక్కు కూడా పని చెయ్యట్లేదా?" అంది సువర్చల.

"ఏమైంది?"

"నాలుగుసార్లు పిలిచాను. గొంతు పోయేలా పిలిచాను."

"నువ్వా? లేదే. ఎవరో ఎక్కడో అరుస్తున్నట్టయింది గానీ..."

"ఎవరో! ఎదురింటి కామేశ్వరిగారు కిటికీలోంచి తలపెట్టి, మీ వారు ఊళ్లో లేరా అని అడిగారు. ఆవిడకి వినపడింది నా గొంతు."

మంచం మీద కూర్చుని చిక్కుడుకాయలకి ఈనెలు తీస్తున్న అత్తగారు పైడమ్మ తలెత్తింది. "మాడింది గిన్నే గదమ్మా, మొగుడు కాదు గదా. నానబెట్టి తోమితే అదే వదిలిపోద్ది."

"మొగుడి సంగతే అడుగుతున్నానండి. మీరోసారి పిలవండి, చూద్దాం. వంటింట్లోకి వెళ్లి పిలవండి."

"ఇదేటి సోద్యం" అంటూనే పెద్దావిడ లేచి వెళ్లింది. అక్కణ్ణించి గొంతు పెంచకుండా, మామూలుగా, "జోగీ" అంది.

"ఏంటమ్మా?" అని జోగారావు వెంటనే తల తిప్పాడు.

సువర్చల బకెట్టు కింద పెట్టేసింది. వాదన తనే గెలిచింది, కానీ ఆ గెలుపు ఆమెకి ఏం బాగాలేదు.

ఇది ఏడు నెలలుగా నడుస్తున్న గొడవ. జోగారావు భీమిలి రోడ్డులో ఉన్న శబ్ద జీవశాస్త్ర కేంద్రంలో శాస్త్రవేత్త. కిందటి కార్తీకంలో దక్షిణ ధ్రువ ఖండానికి వెళ్లి, అక్కడి వేసవి నాలుగు నెలలూ పెంగ్విన్ల కాలనీ పక్కన గుడారంలో గడిపి, మార్చి నెలాఖరుకి మాసిన గడ్డంతో, పగిలిన పెదవులతో ఇల్లు చేరాడు. వచ్చిన మర్నాటి నించీ ఇదే వరస. చెవుల డాక్టరు పరీక్ష చేసి, ఇరవయ్యేళ్ల కుర్రాడి చెవుల్లా ఉన్నాయన్నాడు. ఆ మాటతో సువర్చల కోపం రెట్టింపయింది.

అయితే ఆమె కోపంతో ఊరుకునే మనిషి కాదు. డిగ్రీలో జంతుశాస్త్రం చదివింది. చూసింది చూసినట్టు రాసుకోవడం అప్పుడే అలవాటయింది. క్యాలెండరు వెనక పెన్సిలుతో ఇరవై రోజులు రాసింది. అత్తగారు పిలిస్తే పలుకుతాడు. కూతురు పల్లవి 'నాన్నా' అంటే పలుకుతాడు. వీధిలో పాలవాడు కేకేసినా పలుకుతాడు. తను ఎదురుగా నిలబడి మాట్లాడితే ఏ లోటూ లేదు, హాస్యాలు కూడా ఆడతాడు. కంటికి కనపడకుండా తను పిలిచినప్పుడు మాత్రం ఇరవై రోజుల్లో ఒక్కసారి కూడా పలకలేదు. ఓసారి చెల్లెలి ఫోన్లోంచి చేసి "నేనే" అంటే, "ఎవరండీ మాట్లాడేది?" అన్నాడు. వేళాకోళం అనుకుని ఆమె నవ్వింది. ఆయన మర్యాదగా, "ఎవరు కావాలండీ?" అని రెండోసారి అడిగాడు.

గిన్నె మాడిన వారంలోనే పూర్ణా మార్కెట్లో ఇంకొకటి జరిగింది.

సువర్చల ఉసిరికాయలు బేరమాడుతోంది. జోగారావు సంచీ పట్టుకుని అటు తిరిగి నిలబడ్డాడు. "ఇదిగో, సంచీ ఇలా పట్టండి" అని రెండుసార్లు అంది. ఆయన కదల్లేదు. చివరికి ఉసిరికాయలామే నవ్వి, "బాబూ, అమ్మగారు పిలుస్తున్నారు" అంటే తిరిగి సంచీ పట్టాడు.

అంతలో సందు చివర ఎవరో కొట్టు కట్టేస్తూ ఇనప షట్టరు కిందికి లాగారు. తుప్పు పట్టిన షట్టరు. కీచుమని మొదలై, గాడిద ఓండ్రపెట్టినట్టు సాగి, తెగిపోయింది ఆ చప్పుడు. జోగారావు తిరిగాడు. తల ఒక్కటే కాదు, మనిషి మనిషంతా తిరిగాడు. చేతిలో సంచీ జారి ఉసిరికాయలు కాలవలోకి దొర్లాయి.

ఏరడానికి వంగబోయి, ఆయన మొహం చూసి సువర్చల అలాగే ఆగిపోయింది. ఆ మొహం ఆమెకి తెలుసు. పెళ్లయిన ఏడాది సింహాచలం మెట్ల మీద జనంలో ఇద్దరూ తప్పిపోయి, ఆమె పిలిచిన పిలుపు విని వెనక్కి తిరిగిన మొహం అది. నుదుటి మీద ముడి విడిపోయి, కళ్లు పెద్దవై, ఇంక భయం లేదన్నట్టు. పందొమ్మిదేళ్లుగా ఆ మొహం ఈ లోకంలో తనొక్కర్తే చూసింది. ఇప్పుడది ఒక ఇనప షట్టరు వైపు తిరిగి వెలిగింది. రెండు క్షణాలకి ఆరిపోయింది.

"ఎవరో పిలిచినట్టయింది" అన్నాడు. కళ్లలో నీళ్లున్నాయి. అవి ఎందుకొచ్చాయో ఆయనకే తెలియలేదు.

* * *

ఆ సోమవారం జోగారావు ల్యాబు నించి మైసూరుపాకు పట్టుకుని వచ్చాడు.

"నలభై ఒకటి వచ్చేసింది! ఏడు నెలలు సముద్రంలో తిరిగి తిరిగి, సరిగ్గా దాని రాళ్లగుట్ట దగ్గరికే వచ్చి కూర్చుంది."

నలభై ఒకటి అన్నది ఒక మగ పెంగ్విను రెక్కకి వేసిన పట్టీ మీది అంకె. ఆ ఇంట్లో దాన్ని ఎరగనివాళ్లు లేరు. అక్కడ వేసవి మొదలవుతూనే మగవి ముందొస్తాయి. ముప్పై వేల గుట్టల్లో తన గులకరాళ్ల గుట్టని వెతుక్కుని, చెదిరిన రాళ్లు ముక్కుతో సర్దుకుని, ఆకాశంలోకి మెడ చాచి పిలుస్తాయి. కిందటేటి జత కోసం పిలుస్తాయి. చూడ్డానికి అన్నీ ఒక్కలాగే ఉంటాయి. ఆ సంతగోలలో ఆలుమగలు ఒకరినొకరు పట్టుకునేది గొంతుతోనే.

"పెళ్లాం వచ్చినాదేటి?" అంది పైడమ్మ, మైసూరుపాకు విరుస్తూ.

"ఇంకా లేదమ్మా. ఆడవి నాలుగు రోజులు వెనకొస్తాయి."

"మగోడు ముందొచ్చి ఇల్లు సర్దుతాడేటి! ఈ సోకు మన ఇళ్లల్లో నేదు."

పల్లవి పకపకా నవ్వింది. సువర్చల కూడా నవ్వింది. అన్ని పెంగ్విన్ల గోలలో ఒక గొంతుని పక్షి ఎలా పట్టుకుంటుందో తెలుసుకోవాలన్నదే జోగారావు పని. ఉల్లిపొరంత పల్చటి పొర ఒకటి కనిపెట్టారు వీళ్లు. ఒక ముక్క పక్షి నెత్తిన తోలు కింద, దాని జోడు ముక్క ఆయన పెట్టుకునే టోపీలో. పక్షి విన్నది విన్నట్టు ఆయన మెదడుకి చేరుతుంది. కిందటేడు నలభై రోజులు ఆ టోపీ పెట్టుకుని గూటి పక్కన కూర్చున్నాడు. 'నాకు ముప్పై వేల గొంతులు విడివిడిగా వినిపిస్తున్నాయి సువర్చలా' అని అక్కణ్ణించి ఉత్తరంలా పెద్ద మెసేజి పంపాడు. అప్పుడామె చాలా గర్వపడింది.

శుక్రవారం సాయంత్రం వచ్చినప్పుడు మనిషి దిగాలుగా ఉన్నాడు. కాఫీ గ్లాసు పట్టుకుని, "గుర్తుపట్టట్లేదు" అన్నాడు.

"ఎవరు ఎవర్ని?" సువర్చల ఎదురుగా కుర్చీ లాక్కుని కూర్చుంది.

"నలభై ఒకటి దాని ఆడదాన్ని. అది వచ్చి పక్కనే నిలబడి పిలుస్తోంది. ఇదేమో పొడిచి తరిమేస్తోంది. మాకెవరికీ ఏమీ అర్థం కావట్లేదు. పైగా ఇవాళ ఇంకో వింత. గూటి పక్కన మా స్పీకరు ఉంది కదా, పని చేస్తోందో లేదో చూద్దామని మా టెక్నీషియను ఏదో పాత రికార్డింగు వేసింది. ఎవరో ఆడమనిషి గొంతు. అది వినగానే నలభై ఒకటి చటుక్కున లేచి, రెక్కలు రెండూ చాచి, మెడ పైకెత్తి ఒకటే పిలుపు! స్పీకరు చుట్టూ తిరిగింది. రికార్డింగు ఆపేశాక కూడా గంటసేపు దాని ముందే నిలబడింది."

"ఎవరి గొంతు?"

"కిందటేడు టోపీ సర్దుబాటుకి వాడింది."

"ఎవరిదండీ?"

జోగారావు గ్లాసు కింద పెట్టాడు. "ఫైలు మీద నీ పేరుంది."

"ఫైలు సంగతి సరే. మీరు విన్నారు కదా. విన్నప్పుడు ఎవరిదనుకున్నారు?"

ఆయన నిజాయితీ గల మనిషి. కాసేపు గుర్తు తెచ్చుకుని మరీ చెప్పాడు. "ఎవరిదీ అనుకోలేదు."

* * *

మర్నాడు పొద్దున్నే సువర్చల ఆయనతో కలిసి ల్యాబుకి వెళ్లింది. డైరెక్టరు డాక్టర్ శ్యామలరావు పెద్దవాడు, నెమ్మదస్తుడు. తనే కుర్చీ జరిపి వేసి కూర్చోబెట్టాడు.

"మీ ఇళ్లల్లో ఆడవాళ్లు భర్త పేరు ఎత్తరు కదమ్మా" అన్నాడు. "పొరపాటు అక్కడ జరిగింది."

ఆయన చెప్పింది ఇది. పొరని సర్దడానికి, ఎంత గోలలో ఉన్నా జోగారావు తల తిప్పే గొంతొకటి కావలసి వచ్చింది. ఇంటి నించి పట్టుకెళ్లిన రికార్డింగులు మూడున్నాయి. తల్లి 'జోగీ' అంటుంది, కూతురు 'నాన్నా' అంటుంది. వాటిలో మాట ముందు తగులుతుంది, గొంతు తర్వాత. సువర్చల పిలుపులో పేరు లేదు, వరస లేదు. 'ఇదిగో, మిమ్మల్నే' అన్నది లోకంలో ఎవరినైనా అనొచ్చు. అది తనకేనని జోగారావు పట్టుకునేది ఉత్త గొంతుతోనే, ఆ పక్షి పట్టుకున్నట్టే. అందుకని శుభ్రంగా ఉందని దాన్నే ఎంచుకున్నారు. నలభై రోజులు, పక్షి తన జతని విన్న ప్రతిసారీ, ఇటు ఆయనకి ఈ గొంతు వినిపించారు.

"పొర మోసుకొస్తుందనే అనుకున్నాం. ముడి వేస్తుందనుకోలేదు. మీవారి మెదడులో మీరున్న చోటు, దాని మెదడులో దాని జత ఉన్న చోటు ముడిపడి, అటుది ఇటూ ఇటుది అటూ వెళ్లిపోయాయి. ఆయన మిమ్మల్ని నిర్లక్ష్యం చెయ్యలేదమ్మా. ఆయన దగ్గర మీ గొంతు లేదు. అది అక్కడుంది."

గోడ మీద పెద్ద తెరలో అక్కడి పగలు. బురద, రాళ్లు, మంచు, కనుచూపు మేరా పక్షులు. మధ్యలో ఒక గుట్ట మీద నలభై ఒకటి స్పీకరు పెట్టె వైపు తిరిగి కూర్చుంది. వెనక ఇంకోటి నిలబడి ఉంది. ముక్కున గులకరాయి కరుచుకుని వచ్చి, దాని ముందు పెట్టి, ఒకడుగు వెనక్కి వేసి పిలిచింది. కీచుమని మొదలై సాగి తెగిపోయే ఆ పిలుపు వినగానే సువర్చలకి మార్కెట్లో కాలవలోకి దొర్లిన ఉసిరికాయలు కళ్లకి కట్టాయి. పక్కకి చూసింది. జోగారావు మొహం వెలుగుతోంది. ఆయన దాన్ని రెండు చేతుల్లో దాచుకున్నాడు.

తెర మీద నలభై ఒకటి వెనక్కి తిరిగి ఆడదాన్ని రెక్క మీద పొడిచింది. అది మూరెడు దూరం జరిగి నిలబడింది. కాసేపాగి ఇంకో రాయి తెచ్చింది.

సువర్చల కదలకుండా చూసింది. అరగంటలో పదకొండు రాళ్లు. పదకొండుసార్లు పిలిచింది, పదకొండుసార్లు పొడిపించుకుంది. ఇన్ని యంత్రాలున్న ఆ గదిలో ఆ లెక్క ఇంకెవరూ పెట్టలేదు.

"ముడి విప్పొచ్చా?" అని అడిగింది.

"ఒక్కసారికి విప్పొచ్చు. పొరలో ఛార్జి ఈ వేసవితో సరి. ఆ ఒక్కసారికీ మీరే కావాలి. రికార్డింగు పనికిరాదమ్మా, ప్రతిసారీ ఒకే ఊపిరి వస్తోందని అది పసిగట్టేస్తుంది. అది పిలిచినప్పుడు మీరు బదులు పలకాలి. మీవారు టోపీ పెట్టుకుని మీ పక్కన కూర్చుంటే, మీ గొంతు దాని దగ్గర్నించి లాగి ఈయనకిచ్చేస్తాం."

"అప్పుడు దానికి?"

డాక్టరు కళ్లద్దాలు తీసి తుడుచుకున్నాడు. "దానికి ఎవరి గొంతూ మిగలదు. పిలుస్తూ ఉంటుంది. ఎవరొచ్చినా తెలియదు."

"ఎన్నాళ్లు?"

"గూటి దగ్గరున్నన్నాళ్లు అవి తిండి తినవు. ఆడది కూడా ఇంకో వారం, పది రోజులు చూస్తుంది. గుడ్ల వేళ దాటకుండా వేరే గూటికి పోతుంది."

"ఇంకో దారి లేదా?"

"ఉందనుకోండి, మనకి పనికొచ్చేది కాదు. ఆడది పక్కన నిలబడ్డప్పుడే మీరు మగదాన్ని పిలిస్తే, ఆ చోటు మెల్లిగా ఆడదాని గొంతుకి మళ్లుతుంది. వాటి కాపురం నిలబడుతుంది. కానీ మీవారిలో ఆ చోటు మూసుకుపోతుంది. ఆడపక్షి పిలుపు వినపడి తిరగడం పోతుంది గానీ, మీ పిలుపూ ఇంక ఎప్పటికీ తగలదు." ఆయన కళ్లద్దాలు పెట్టుకున్నాడు. "ఒక్క పక్షేనమ్మా. అక్కడ ముప్పై వేలున్నాయి."

"ముప్పై వేలల్లో ఒకదాన్నే కదండీ అది వెతుక్కుంటున్నది" అంది సువర్చల.

డాక్టరు సోమవారం పొద్దున్నకి సిద్ధంగా ఉండమన్నాడు. ఆమె ఏ దారి ఎంచుకుంటుందో ఆయనకి అనుమానమే లేదు.

* * *

విషయమంతా విన్న పల్లవి ఇంటర్ చదివే పిల్లల ధోరణిలో తేల్చేసింది. "ఇంత గోలెందుకమ్మా? నువ్వు పేరుపెట్టి పిలిచెయ్. మా దివ్య వాళ్లమ్మ వాళ్ల నాన్నని 'ఒరే కిశోర్' అంటుంది. ఎంత బాగుంటుందో!"

"ఓలమ్మ! నా సెవులు మూసుకోనీ" అంది పైడమ్మ. మూసుకోలేదు. మనవరాలి వైపు, కోడలి వైపు మార్చి మార్చి చూసి, "అనీసి సూడు. నేను యినలేదనుకుంతాను" అంది.

సువర్చల వంటింట్లోకి వెళ్లింది. జోగారావు హాల్లో ఉన్నాడు. మధ్యాహ్నం మూడయింది, ఫ్యాను చప్పుడు తప్ప ఇంట్లో ఇంకే అలికిడీ లేదు. తలుపు చాటున నిలబడి ఆమె ముందు పెదవులతో అనుకుని చూసుకుంది. పందొమ్మిదేళ్లలో రేషను కార్డు మీద రాసిన పేరు, బడి ఫారాల మీద రాసిన పేరు, నోటితో అనని పేరు.

"జోగారావు" అంది.

హాల్లో కుర్చీ కదిలింది. "ఆఁ, వస్తున్నానండీ!" అంటూ ఆయన లేచాడు.

సువర్చల తలుపు చాటు నించి ఒకడుగు ముందుకి వేసింది. ఆయన అడుగుల చప్పుడు వంటింటి వైపు రాలేదు. వీధి తలుపు గడియ తీసిన చప్పుడయింది. ఆమె తొంగి చూసింది. జోగారావు గుమ్మంలో నిలబడి వీధికి ఆ చివరా ఈ చివరా చూశాడు. కాసేపు ఎదురు చూశాడు. తలుపు వేసి వచ్చి, తల్లితో, "ఎవరో ఆడావిడ పిలిచి వెళ్లిపోయినట్టున్నారమ్మా" అన్నాడు.

పైడమ్మ కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. పల్లవి లేచి తన గదిలోకి వెళ్లిపోయింది.

ఆ సాయంత్రం మేడ మీద ఆరిన బట్టలు తీస్తుంటే జోగారావు వచ్చి ఆమెకి ఎదురుగా నిలబడ్డాడు. ఈమధ్య అలాగే నిలబడుతున్నాడు, చూపు తప్పకుండా.

"మధ్యాహ్నం పిలిచింది నువ్వేనట. అమ్మ చెప్పింది."

"ఊఁ."

"సోమవారం అయిపోతుంది సువర్చలా. నా గొంతు నాకొచ్చేస్తుంది. నీ గొంతు, నాది."

"ఎలా ఉండేదో గుర్తుందా మీకు?"

"లేదు. ఉండేదని గుర్తుంది. పన్ను ఊడిన చోటికి నాలుక ఊరికే పోతూ ఉంటుంది చూడు, అలా." ఆయన ఒక తువ్వాలు తీసి మడతపెట్టబోయి, మళ్లీ తీగ మీదే వేశాడు. "ఆ ఆడపక్షి పిలుపు వినపడినప్పుడు మాత్రం... చెప్పడానికి సిగ్గేస్తుంది. ఇంటికి వచ్చేసినట్టుంటుంది. నువ్వు పక్కనే ఉంటావు, నాకేమో అటు ఇంటికొచ్చేసినట్టుంటుంది. నీకు కోపం రావట్లేదా?"

"దాని మీదా? పదకొండు రాళ్లు మోసుకొచ్చింది పాపం."

ఆయనకి అర్థం కాలేదు. బట్టల కుప్ప చేతుల్లో పెట్టుకుని ఆమె దక్షిణం వైపు చూసింది. మేడల మధ్య సముద్రం ఒక చీలికలా కనపడుతోంది. ఆ నీళ్లు దాటి, ఇంకా ఎన్ని నీళ్లు దాటితేనో, రాత్రి లేని చోట, తను ఎప్పుడూ చూడని ప్రాణి ఒకటి తిండి మానేసి తన గొంతు కోసం కూర్చుని ఉంది. తను వంటింట్లో ఎవరినైనా కేకేసినప్పుడల్లా, అది వినాల్సిన గొంతు ఇక్కడే ఖర్చయిపోతోందేమో అనిపించసాగింది. ఆ రాత్రి నించి సువర్చల ఇంట్లో గొంతు తగ్గించి మాట్లాడింది. పల్లవిని పిలవాలంటే కూడా లేచి వెళ్లి భుజం తట్టింది.

* * *

ఆదివారం అందరూ కలిసి భోజనానికి కూర్చున్నారు. కంద బచ్చలి ఆవపెట్టి వండింది సువర్చల, ముద్దపప్పు, అప్పడాలు. రోజూ అందరికీ వడ్డించి ఆఖర్న తినే మనిషి ఇవాళ గిన్నెలన్నీ మధ్యలో పెట్టి, జోగారావుకి ఎదురుగా తనూ కంచం పెట్టుకుంది.

"కూర అదిరింది" అన్నాడు జోగారావు. రేపటి గురించి ఉత్సాహంగా ఉన్నాడు.

"రేపు నేను ల్యాబుకి వస్తున్నాను" అంది సువర్చల. "కానీ మీరు టోపీ పెట్టుకోవద్దు. నేను ఆ పక్షిని పిలుస్తాను. దాని ఆడది పక్కకొచ్చి నిలబడ్డప్పుడల్లా పిలుస్తాను, ఎన్ని రోజులైనా సరే. శ్యామలరావుగారికి పొద్దున్న ఫోన్ చేసి చెప్పేశాను."

ఎక్కడి చేతులు అక్కడే ఆగాయి. ముందుగా తేరుకున్నది పైడమ్మ.

"ఏటే నువ్వనేది? పిట్ట కోసం మొగుణ్ణి వొదిలీసుకుంతావేటి? సదువుకున్న దానివి, మతుండే మాటాడుతున్నావా?"

"వదులుకోవట్లేదండి. ఆయనకి కళ్లున్నాయి. నేనెవరో చెప్పడానికి మీరున్నారు, పల్లవి ఉంది. పిలిచింది నేనేనని నిన్న మీరు చెప్తేనే కదా మేడ మీదికి వచ్చారు. దానికి చెప్పేవాళ్లెవరున్నారు? ఉన్నది గొంతొక్కటే. అదీ మనం అడక్కుండా తీసుకున్నాం."

"పిట్టేటి, మనిసేటి! నా కొడుకేటయిపోవాల?"

"మీ కొడుకు అన్నం తింటున్నారు అత్తయ్యా. అది తినట్లేదు."

పైడమ్మ కొడుకు మొహం చూసి, నీళ్ల గ్లాసు అందుకుంది.

"మరి నేనో?" అన్నాడు జోగారావు. చాలా చిన్న గొంతుతో అన్నాడు. "నాకింక ఎప్పటికీ..."

"ఎప్పటికీ." ఆమె ఆ మాటని మెత్తబరచడానికి చూడలేదు. "మీ దగ్గరికి తెచ్చుకోవచ్చు. తెచ్చుకుంటే నేను పిలిచినప్పుడల్లా మీరు తిరుగుతారు. మీరు తిరిగినప్పుడల్లా అక్కడొకటి ఎటూ తిరగలేక నిలబడి ఉంటుందని నాకు తెలుస్తూ ఉంటుంది. ఆ తర్వాత నేను మిమ్మల్ని పిలవలేను. నాకేదో సులువని అనుకోకండి. ఇన్నేళ్లూ మీకోసమే ఉన్న పిలుపుతో రేపు దాన్ని పిలవాలి. అది రెక్కలు చాచి పలుకుతుంది. మీరు నా పక్క కుర్చీలోనే ఉంటారు, మీకేమీ కాదు. అది చూడాలి నేను."

పల్లవి కంచంలోకి తలవంచుకుని ముక్కు ఎగబీల్చింది. "నేనూ వస్తానమ్మా" అంది.

"రా."

జోగారావు ఆమె పెదవుల వంకే చూస్తున్నాడు, కొత్త ఊళ్లో దారి చెప్పేవాళ్ల మొహం చూసినట్టు. ఆమె అది గమనించి, వాక్యం మధ్యలో తొందరపడకుండా, ఒక్కొక్క మాటా ఆయనకి కనపడేలా అంది.

"ఇంక మీదట నేను మిమ్మల్ని వెనకనించి పిలవను. ఎంత పనిలో ఉన్నా మీ ఎదటికొచ్చే పిలుస్తాను. మీరు చూసి పలకండి. ఎనిమిదింటికల్లా బయల్దేరాలి."

ఆయన తల ఊపాడు. పప్పు గిన్నె ఆమె వైపు జరిపాడు.